థర్డ్ పార్టీ మాడ్యూల్ వాడే ముందు లైసెన్స్ లెక్క తేల్చుకోవడం ఎలా

ప్యాకేజీ మేనేజర్‌లో (వేరేవాళ్లు రాసిన కోడ్ ముక్కలను, అంటే మాడ్యూళ్లను, తెచ్చి పెట్టే టూల్‌లో) ఒక్క కమాండ్ కొడితే చాలు, మనం అడిగింది ఒక్క మాడ్యూలే అయినా దాని వెనకాల ఇంకో వంద వచ్చి ప్రాజెక్టు ఫోల్డర్‌లో కూర్చుంటాయి. వాటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు రాశారు, దాని మీద వాళ్లకు కాపీరైట్ ఉంది, కొన్ని షరతుల మీద మాత్రమే మనల్ని వాడుకోనిస్తున్నారు. "ఓపెన్ సోర్సే కదా, ఫ్రీనే కదా" అని వదిలేసేవాళ్లు ఒక రకం. "అమ్మో జీపీఎల్, ముట్టుకుంటే మన కోడ్ మొత్తం బయటపెట్టాలంట" అని హడలిపోయేవాళ్లు ఇంకో రకం. (జీపీఎల్ ఒక ఓపెన్ సోర్స్ లైసెన్స్, తనతో కలిపి చేసిన పనిని పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వమంటుంది.) ఈ ఇద్దరూ లైసెన్స్ ఫైలు తెరిచి చూడనివాళ్లే.

ఒక మాడ్యూల్ వల్ల మన మీద ఏ బాధ్యత పడుతుందో తేల్చేవి మూడు విషయాలు. దాని లైసెన్స్ ఏమిటి, అది మన కోడ్‌తో ఎలా కలిసింది, అలా కలిసినది ఎవరి చేతికి వెళ్తోంది. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి కంగారు పడతారు, లేదా ధీమాగా ఉండిపోతారు. అసలు చిక్కులు వచ్చేది రెండో ప్రశ్న, మూడో ప్రశ్న దగ్గర. అందుకే ఈ వరసలోనే వెళ్దాం. డబ్బు పెద్ద మొత్తంలో ముడిపడిన ప్రాజెక్టు అయితే చివరి మాట కాపీరైట్ తెలిసిన లాయర్‌దే, కానీ లాయర్ దగ్గరికి వెళ్లేలోపు ఇవన్నీ మీ చేతిలో ఉంటే ఆయన పని సగం అయిపోతుంది.

లైసెన్స్ ఏమిటో ముందు కనిపెట్టండి

సులభంగా అనిపిస్తుంది కానీ కాదు. ప్యాకేజీ పేజీలో "ఎంఐటీ" అని లైసెన్స్ పేరు ఒక చిన్న ముక్కగా ఉంటుంది, దాన్ని చూసి ముందుకు వెళ్లిపోతాం. అది ప్యాకేజీ పెట్టినవాళ్లు ఒక గడిలో నింపిన మాట మాత్రమే. చూడాల్సినవి మూడు చోట్లు: రిపోలో (ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోట) లైసెన్స్ లేదా కాపీయింగ్ అనే పేరుతో ఉన్న ఫైలు, ఒక్కో సోర్స్ ఫైలు పైన ఉండే కాపీరైట్ వరసలు, ఆ మాడ్యూల్ తన లోపల వేరేవాళ్ల దగ్గర్నుంచి తెచ్చి పెట్టుకున్న ఫోల్డర్లు. ఈ మూడూ ఒకే మాట చెప్తే సంతోషం. చెప్పకపోతే, అంటే పైన ఎంఐటీ అని ఉండి లోపల ఒక ఫైలు నెత్తిన జీపీఎల్ అని ఉంటే, ఆ ఫైలు వరకు జీపీఎల్ అనే లెక్క వేసుకోండి. వేరేవాళ్ల కోడ్‌కు లైసెన్స్ మార్చే హక్కు ప్యాకేజీ పెట్టినాయనకు లేదు.

దీనికి మంచి ఉదాహరణ 2021 మార్చిలో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లకు ఎదురైంది. మైమ్‌మ్యాజిక్ అని ఒక చిన్న మాడ్యూల్, ఫైలు ఏ రకమో కనిపెట్టడం దాని పని. ఎంఐటీ లైసెన్స్ అని రాసి ఉండేది. రూబీలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ దాన్ని నేరుగా కాదు, మధ్యలో ఇంకో మాడ్యూల్ ద్వారా వాడుకునేది. అయితే మైమ్‌మ్యాజిక్‌లో ఉన్న డేటా ఫైలు షేర్డ్ మైమ్ ఇన్ఫో అనే వేరే ప్రాజెక్టు నుంచి వచ్చింది, దాని లైసెన్స్ జీపీఎల్. ఈ సంగతి ఆ ప్రాజెక్టు వైపు నుంచి ఎత్తి చూపించగానే మైమ్‌మ్యాజిక్ రాసినాయన కొత్త వెర్షన్లను జీపీఎల్ కింద విడుదల చేసి, పాత వెర్షన్లను ప్యాకేజీలన్నీ దొరికే రిజిస్ట్రీ నుంచి తీసేశాడు. అంతే, ఎక్కడెక్కడో రైల్స్ యాప్‌ల బిల్డులు, అంటే కోడ్ నుంచి యాప్ తయారయ్యే పని, ఆగిపోయాయి. చివరికి రైల్స్ వాళ్లు ఆ డేటా బదులు అపాచీ టీకా ప్రాజెక్టు డేటాను వాడుకునేలా మార్చుకున్నారు. గమనించారా, ఇక్కడ తప్పు జరిగింది కోడ్‌లో కూడా కాదు, ఒక్క డేటా ఫైలులో. అదీ మూడు మెట్ల కింద. లైసెన్స్ చూడటం అంటే మీరు చేతితో టైపు చేసిన పేర్ల జాబితా చూడటం కాదు, లాక్ ఫైలులో (వెనకాల వచ్చిన వాటితో సహా అన్ని మాడ్యూళ్ల పేర్లూ, వెర్షన్లూ ఉండే ఫైలు) ఉన్న మొత్తం చెట్టును చూడటం.

అసలు లైసెన్స్ ఫైలే లేకపోతే? అప్పుడు మీకు ఏ హక్కూ లేనట్టే. కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉందంటే దాని అర్థం గిట్‌హబ్ షరతుల ప్రకారం చూడొచ్చు, అక్కడే ఫోర్క్ (సొంత కాపీ) చేసుకోవచ్చు, అంతవరకే. మీ ప్రొడక్ట్‌లో పెట్టుకోవడానికి అది అనుమతి కాదు. రాసినవాళ్లకు అక్కడే ఒక ఇష్యూ (రిపో పేజీలో అడిగే ప్రశ్న) పెట్టి "ఏ లైసెన్స్ కింద ఇస్తున్నారో ఫైలు జత చేయగలరా" అని మర్యాదగా అడగండి, మర్చిపోయి ఉంటారంతే, చాలామంది వెంటనే జత చేస్తారు. జవాబు రాకపోతే వేరే మాడ్యూల్ చూసుకోండి.

ఇంకో చిన్న విషయం, దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు. "జీపీఎల్ వెర్షన్ 2 మాత్రమే", "జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆ తర్వాతది" ఒకటి కావు. 1991లో వచ్చిన వెర్షన్ 2కీ 2007లో వచ్చిన వెర్షన్ 3కీ మధ్య పొంతన లేదు. "లేదా ఆ తర్వాతది" అన్న మాట ఉంటేనే రెంటినీ కలపగలరు. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వెర్షన్ 2 మాత్రమే. వెబ్‌సైట్లు నడిపే డ్రూపల్, వర్డ్‌ప్రెస్, జూమ్లా వెర్షన్ 2 లేదా ఆ తర్వాతది. ఎస్‌పీడీఎక్స్ అనే ప్రమాణంలో ప్రతి లైసెన్స్‌కూ ఒక పొట్టి గుర్తు ఉంటుంది, ఈ తేడా ఆ గుర్తులోనే స్పష్టంగా ఉంటుంది, కాబట్టి మీ జాబితాలో మామూలు పేర్లు కాకుండా ఆ గుర్తులే రాసుకోండి. రెండు లైసెన్సుల మధ్య "లేదా" ఉంటే మీకు నచ్చినది ఎంచుకోవచ్చు, "మరియు" ఉంటే రెండూ పాటించాలి.

ఏ లైసెన్స్ ఏం అడుగుతుంది

ఎంఐటీ, బీఎస్‌డీ, ఐఎస్‌సీ లాంటివి అడిగేది చాలా తక్కువ: మా కాపీరైట్ వరస, మా లైసెన్స్ పాఠం కాపీలతో పాటు పంపండి, ఏమైనా అయితే మమ్మల్ని అడగకండి. అంతే. విచిత్రం ఏమిటంటే ఎక్కువ మంది తప్పేది ఇంత చిన్న షరతే. జావాస్క్రిప్ట్ ఫైళ్లన్నిటినీ ఒకటిగా కలిపే బండ్లర్ ఫైలు సైజు తగ్గించడానికి కామెంట్లన్నీ కొట్టేస్తుంది, వాటితో పాటే కాపీరైట్ నోటీసులూ పోతాయి. చాలా బండ్లర్లలో లైసెన్స్ కామెంట్లను విడిగా ఒక ఫైలులోకి తీసే సెట్టింగ్ లేదా ప్లగిన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి, పని అయిపోతుంది.

అపాచీ 2.0 కొంచెం ఎక్కువ అడుగుతుంది. నోటీస్ అనే ఫైలు ఉంటే అందులో మీకు సంబంధించిన వరసలను మీతో పాటు తీసుకెళ్లాలి, మీరు మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలి. బదులుగా పేటెంట్ అనుమతి ఇస్తుంది, మీరు పేటెంట్ కేసు వేస్తే ఆ అనుమతి పోతుంది. పెద్ద కంపెనీల లాయర్లకు ఇది ఎందుకు ఇష్టమో ఈ పేటెంట్ భాగం చదివితే అర్థమవుతుంది.

ఇటు వీటికీ అటు జీపీఎల్‌కూ మధ్యలో ఉండేవి ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్. ఎంపీఎల్ 2.0 లెక్క ఫైళ్ల వారీగా ఉంటుంది: వాళ్ల ఫైలును మార్చి పంచితే ఆ ఫైలు సోర్స్ ఇవ్వాలి, పక్కన మీరు రాసుకున్న కొత్త ఫైళ్లు మీ ఇష్టం. ఎల్‌జీపీఎల్ లెక్క లైబ్రరీ వారీగా ఉంటుంది: లైబ్రరీలో చేసిన మార్పులు బయటపెట్టాలి, మీ ప్రోగ్రామ్ మీదే, కానీ వాడేవాళ్లు ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ తెచ్చుకుని మీ ప్రోగ్రామ్‌తో మళ్లీ జత చేసుకోగలిగేలా ఉండాలి. డైనమిక్ లింకింగ్‌లో (లైబ్రరీ విడి ఫైలుగా ఉండి ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కలవడం) ఇది దానంతట అదే కుదురుతుంది. స్టాటిక్‌గా, అంటే మీ ప్రోగ్రామ్ ఫైలులోకే కలిపేస్తే మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైల్ అయి ఇంకా కలపని ముక్కలు) ఇవ్వాల్సి రావచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ యూజర్ అగ్రిమెంట్‌లో "రివర్స్ ఇంజనీరింగ్ చేయరాదు" (ప్రోగ్రామ్‌ను విప్పి లోపల ఎలా పనిచేస్తుందో చూడరాదు) అని గుడ్డిగా పెట్టేస్తే ఎల్‌జీపీఎల్‌తో తగువు వస్తుంది, ఎందుకంటే ఆ మార్పులను పరీక్షించుకోవడానికి రివర్స్ ఇంజనీరింగ్ చేసుకోనివ్వాలని అది అడుగుతుంది.

ఇక జీపీఎల్. కలిపి చేసిన పనిని పంచితే మొత్తం జీపీఎల్ కిందే పంచాలి, సోర్స్ అందేలా చూడాలి. ఏజీపీఎల్ దానికి ఇంకో షరతు కలుపుతుంది: ప్రోగ్రామ్‌ను మీరు మార్చి, నెట్‌వర్క్ మీద జనం దాన్ని వాడుతుంటే, వాళ్లకు కూడా సోర్స్ తీసుకునే దారి చూపాలి.

వీటి పక్కనే ఓపెన్ సోర్స్‌లా కనిపిస్తూ కానివి కొన్ని ఉంటాయి. సోర్స్ కనిపిస్తుంది, కానీ "వ్యాపారానికి వాడకూడదు" అనో "మాకు పోటీగా సర్వీస్ పెట్టకూడదు" అనో ఉంటుంది. మాంగోడీబీ 2018లో తెచ్చిన ఎస్‌ఎస్‌పీఎల్, హాషికార్ప్ 2023లో తీసుకున్న బిజినెస్ సోర్స్ లైసెన్స్ ఈ కోవలోవే. ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో చెప్పే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ వీటిని ఓపెన్ సోర్స్‌గా ఒప్పుకోదు. వాడకూడదని కాదు, ఇవి ఓపెన్ సోర్స్ అనుకుని వాడకూడదు, ఒక్కోదాన్నీ మామూలు వ్యాపార ఒప్పందం చదివినట్టు కూర్చుని చదవాలి.

మాడ్యూల్ మీ కోడ్‌తో ఎలా కలిసింది

అసలు సమస్య ఇక్కడుంది. జీపీఎల్ మాడ్యూల్ పక్కన మీ కోడ్ ఉన్నంత మాత్రాన అంటుకోదు. ఒకే డిస్క్ మీద, ఒకే కంటైనర్ ఇమేజ్‌లో (యాప్‌నూ దానికి కావాల్సినవన్నిటినీ కట్టిన మూటలో) జీపీఎల్ ప్రోగ్రామ్, మీ ప్రోగ్రామ్ విడివిడిగా ఉంటే అది ఒకచోట పెట్టడమే తప్ప కలపడం కాదని జీపీఎల్ తానే చెప్తుంది. రెండూ కలిసి ఒకే పని అయ్యాయా అన్నదే ప్రశ్న.

జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దీనికి ఒక కొలత చెప్తుంది. రెండు ప్రోగ్రామ్‌లు వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే దేని మెమరీ దానిదిగా నడుస్తూ పైప్, సాకెట్, కమాండ్ లైన్ లాంటి బయటి దారుల ద్వారా మాట్లాడుకుంటే మామూలుగా వేర్వేరు పనులు. ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో, ఒకరి ఫంక్షన్లు ఒకరు పిలుచుకుంటూ డేటా స్ట్రక్చర్లు పంచుకుంటుంటే కలిసిపోయినట్టే. స్టాటిక్ లింకింగ్, డైనమిక్ లింకింగ్ మధ్య జీపీఎల్ విషయంలో వాళ్లు తేడా చూడరు. ఇది లైసెన్స్ రాసినవాళ్ల అభిప్రాయం, కోర్టు తీర్పు కాదు. దీన్ని ఒప్పుకోని లాయర్లూ ఉన్నారు. నా సలహా ఏమిటంటే, మీ ప్రొడక్ట్ నిలబడేది ఆ వాదన గెలవడం మీదైతే ఆ దారిలో వెళ్లకండి, వాదన అవసరం లేని డిజైన్ వెతుక్కోండి. జీపీఎల్ టూల్‌ను లైబ్రరీగా ఇంపోర్ట్ చేసుకోకుండా విడి ప్రోగ్రామ్‌గా నడిపించి అవుట్‌పుట్ తీసుకోవడం చాలాసార్లు ఒక రోజు పని. అలాగని మీ సొంత కోడ్‌నే నిలువునా రెండు ముక్కలు చేసి మధ్యలో సాకెట్ పెట్టి, లోపల్లోపల అంతర్గత డేటా అంతా అటూ ఇటూ పంపుకుంటూ "మేం వేరు" అంటే నమ్మేవాళ్లు తక్కువ.

ఇదే ప్రశ్నను తలకిందులు చేస్తే ప్లగిన్ల లెక్క వస్తుంది. అంటే ప్లాట్‌ఫాం జీపీఎల్, దానికి మాడ్యూల్ రాసింది మీరు. డ్రూపల్ వాళ్లు సూటిగా చెప్తారు: మా కోడ్‌ను పిలిచే మాడ్యూళ్లు, థీమ్‌లు మా పని నుంచి పుట్టినవే, పంచితే జీపీఎల్ కిందే పంచండి. వాళ్ల సైట్‌లో పెట్టే ప్రతి మాడ్యూల్ జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆ తర్వాతదిగా ఉండాలి. వర్డ్‌ప్రెస్ వాళ్ల వైఖరీ అదే. 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడం లా సెంటర్ వర్డ్‌ప్రెస్ థీమ్‌ల మీద ఇచ్చిన అభిప్రాయం ఇంకా బాగా పనికొస్తుంది: థీమ్‌లో పీహెచ్‌పీ భాగం వర్డ్‌ప్రెస్‌తో కలిసే నడుస్తుంది కాబట్టి అది జీపీఎల్ కిందికి వస్తుంది, సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే ఫైళ్లు), బొమ్మలు వేరుగా నిలబడతాయి కాబట్టి వాటికి వేరే లైసెన్స్ పెట్టుకోవచ్చు. 2010లో థీసిస్ అనే పేరున్న థీమ్ విషయంలో పెద్ద రచ్చ జరిగి, చివరికి అది కోర్టు దాకా వెళ్లకుండానే పీహెచ్‌పీ భాగాన్ని జీపీఎల్ కింద పెట్టడంతో ముగిసింది. కొంతమంది థీమ్ అమ్మకందారులు ఇప్పటికీ పాటించే పద్ధతి అదే, కోడ్ జీపీఎల్, డిజైన్ ఫైళ్లు సొంత లైసెన్స్. అయితే వర్డ్‌ప్రెస్ అధికారిక థీమ్ డైరెక్టరీలో పెట్టాలంటే మాత్రం ఈ సగం సగం కుదరదు, అన్నీ జీపీఎల్‌తో పొసగాల్సిందే.

లినక్స్ కెర్నల్ ఈ ప్రశ్నను కోడ్‌లోనే పెట్టేసింది. ప్రతి మాడ్యూల్ తన లైసెన్స్ ఏమిటో లోపలే ప్రకటించాలి. కెర్నల్ బయటికి ఇచ్చే ఫంక్షన్లలో కొన్నింటిని "జీపీఎల్ మాడ్యూళ్లకు మాత్రమే" అని గుర్తు పెట్టారు, వేరే లైసెన్స్ ఉన్న మాడ్యూల్ వాటిని అడిగితే కెర్నల్ ఇవ్వదు. జీపీఎల్ కాని మాడ్యూల్ లోడ్ చేస్తే కెర్నల్ "టెయింటెడ్" అని మచ్చ వేసుకుంటుంది, ఆ తర్వాత మీరు బగ్ రిపోర్ట్ పంపితే డెవలపర్లు పట్టించుకోకపోవచ్చు. 2004లో ఒక మోడెమ్ డ్రైవర్ కంపెనీ తన లైసెన్స్ వాక్యంలో "జీపీఎల్" తర్వాత ఒక నల్ క్యారెక్టర్ (వాక్యం ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు) పెట్టి, కెర్నల్ అక్కడితో చదవడం ఆపేసేలా చేసింది. మిగతా వాక్యం వేరే కథ చెప్తోంది! తెలివితేటలకు మెచ్చుకోవచ్చు గానీ దొరికాక పరువు పోయింది. కెర్నల్ మీద నడిచే మామూలు ప్రోగ్రామ్‌లకు ఈ బెడద లేదు, సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ను పని అడిగే మామూలు దారి) వాడుకోవడం వల్ల మీ ప్రోగ్రామ్ జీపీఎల్ కాదని కెర్నల్ లైసెన్స్ ఫైలులోనే రాసి ఉంది.

ఇలాంటి మినహాయింపులు వేరే చోట్లా ఉంటాయి, అందుకే లైసెన్స్ పేరు చూసి ఆగిపోకుండా దాని కింద ఉన్న పేరాలు కూడా చదవాలి. జీసీసీ కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చేది) జీపీఎల్, కానీ దానితో కంపైల్ చేసిన మీ ప్రోగ్రామ్‌లో కలిసే రన్‌టైమ్ లైబ్రరీకి ప్రత్యేక మినహాయింపు ఉంది. జావా ప్రోగ్రామ్‌లు రాసి నడపడానికి వాడే ఓపెన్‌జేడీకే జీపీఎల్, కానీ క్లాస్‌పాత్ మినహాయింపు వల్ల దాని మీద మీరు ఏ లైసెన్స్‌తోనైనా జావా రాసుకోవచ్చు. ఇవి లేకపోతే సగం ప్రపంచం ఆగిపోయేది.

ఎవరి చేతికి వెళ్తోంది

జీపీఎల్ షరతులు మొదలయ్యేది పంచినప్పుడు. మీ కంపెనీ లోపల, మీ ఉద్యోగులే, మీ సర్వర్ల మీదే వాడుకుంటే ఎంత మార్చుకున్నా ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. జీపీఎల్ మాడ్యూళ్లు మార్చి వెబ్‌సైట్ నడుపుతున్నారా? సర్వర్ వైపు కోడ్ బయటికి వెళ్లడం లేదు కాబట్టి బాధ్యత లేదు. ఏజీపీఎల్ అయితే ఉంది, పైన చెప్పాను కదా.

ఇక్కడే కొన్ని చోట్ల తెలియకుండా పంచేస్తుంటాం. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ప్రతిసారీ యూజర్ కంప్యూటర్‌కు కాపీ అవుతోంది, అది పంచడమే. సర్వర్ మీద జీపీఎల్ లైబ్రరీ పెట్టుకోవడం వేరు, అదే లైబ్రరీని బ్రౌజర్‌కు వెళ్లే ఫ్రంట్ ఎండ్ బండిల్‌లో కలిపేయడం వేరు. మొబైల్ యాప్ స్టోర్‌లో పెట్టడం పంచడమే. కంటైనర్ ఇమేజ్‌ను పబ్లిక్ రిజిస్ట్రీకి పంపడం పంచడమే, ఆ ఇమేజ్‌లో మీ యాప్ ఒక్కటే కాదు, కింద ఆపరేటింగ్ సిస్టమ్ పొర కూడా ఉంటుంది, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ అయితే అందులో జీపీఎల్ వెర్షన్ 2 కింద ఉన్న బిజీబాక్స్ (చిన్న కమాండ్ల మూట) ఉంటుంది. రౌటర్, సెట్ టాప్ బాక్స్ లాంటి పెట్టెలో పెట్టి అమ్మడం పంచడమే. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని జనం కనిపెట్టి సోర్స్ అడిగితే, అలా బయటికి వచ్చిన కోడ్ మీదే రౌటర్లకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు పుట్టింది.

క్లయింట్‌కు సైట్ చేసి ఇచ్చేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మీరు డ్రూపల్ మీద మాడ్యూల్ రాసి క్లయింట్ చేతిలో పెడితే అది పంచడమే. అంటే ఆ క్లయింట్‌కు సోర్స్ హక్కు, మార్చుకునే హక్కు, మళ్లీ పంచే హక్కు వస్తాయి. కానీ ప్రపంచం మొత్తానికి బయటపెట్టాలని ఎక్కడా లేదు, కోడ్ ఎవరికి ఇచ్చారో ఆ హక్కులు వాళ్లకే. చాలామందికి ఇక్కడే గందరగోళం. క్లయింట్ కూడా తన సర్వర్ మీద వాడుకుంటూ కూర్చుంటే ఇంకెవరికీ ఇవ్వనక్కర్లేదు. కాంట్రాక్టులో "మొత్తం కోడ్ మీద సర్వహక్కులు క్లయింట్‌వే, ఇందులో వేరేవాళ్ల హక్కులు ఏవీ లేవు" అని మామూలుగా ఒక వాక్యం ఉంటుంది చూడండి, ఓపెన్ సోర్స్ మాడ్యూళ్లు వాడిన ప్రాజెక్టులో దాని మీద సంతకం పెట్టకండి. మాడ్యూళ్ల జాబితా, వాటి లైసెన్సులు అనుబంధంగా పెట్టి, అవి కాక మిగిలిన వాటి మీదే హామీ ఇవ్వండి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జీపీఎల్ మాడ్యూల్‌ను ఎంత ధరకైనా అమ్మొచ్చు. కొన్నవాడు దాన్ని ఉచితంగా ఇంకొకరికి ఇవ్వకుండా మాత్రం ఆపలేరు. అందుకే ప్లగిన్ వ్యాపారం చేసేవాళ్లు నిజంగా అమ్మేది అప్‌డేట్లు, సపోర్టు. వాటిని అందరికీ ఇవ్వాలని జీపీఎల్ అనదు. పేరు, లోగో కూడా ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి, కోడ్ తీసుకున్నవాళ్లు మీ పేరు పెట్టుకుని అమ్ముకోవడానికి లైసెన్స్ ఒప్పుకోదు.

రెండు లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగుతాయా

పెద్దగా లోతుకు వెళ్లను, గుర్తుపెట్టుకోవాల్సింది దిశ. ఎంఐటీ కోడ్ జీపీఎల్ ప్రాజెక్టులోకి వెళ్లగలదు, జీపీఎల్ కోడ్ ఎంఐటీ ప్రాజెక్టులోకి వెళ్తే మొత్తం జీపీఎల్ కింద పంచాల్సి వస్తుంది. వెళ్లిన ఎంఐటీ ముక్క మీద పాత కాపీరైట్ వరస అలాగే ఉండాలి, దాన్ని చెరిపేసే హక్కు ఎవరికీ రాదు. అపాచీ 2.0 కోడ్ జీపీఎల్ వెర్షన్ 3తో కలుస్తుంది, "వెర్షన్ 2 మాత్రమే"తో కలవదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాట, అపాచీ ఫౌండేషన్ కూడా ఆ మేరకే సలహా ఇస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ లైసెన్స్ అయిన సీడీడీఎల్, జీపీఎల్ రెండూ ఓపెన్ సోర్స్ లైసెన్సులే, అయినా వాటికి పడదు. 2016లో ఉబుంటు 16.04లో జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌ను కలిపి ఇస్తే ఉబుంటు తయారుచేసే కెనానికల్ వాళ్లు ఫర్వాలేదన్నారు, సాఫ్ట్‌వేర్ ఫ్రీడం కన్సర్వెన్సీ ఇది ఉల్లంఘనే అంది. పెద్దవాళ్లే తేల్చుకోలేని చోట చిన్న ప్రాజెక్టు దూరంగా ఉండటం మంచిది.

ప్రోగ్రామర్ల ప్రశ్న జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తెచ్చి అతికించే ముక్కలు కూడా థర్డ్ పార్టీ కోడే. అక్కడి జవాబులు క్రియేటివ్ కామన్స్ షేర్ అలైక్ కింద ఉంటాయి, అంటే రాసినవాళ్ల పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. రెండు వరసల ముక్కకు ఎవరూ రారు, కానీ పెద్ద ఫంక్షన్ మొత్తం దించేస్తే ఆ లింకు కామెంట్‌లో రాసి పెట్టుకోండి, లేదా అర్థం చేసుకుని మీరే మళ్లీ రాయండి. ఫాంట్లు, ఐకాన్ల సంగతీ అంతే, వాటికి వేరే లైసెన్సులు ఉంటాయి.

ఇప్పుడు చేతితో చేయాల్సిన పని

మొదట స్కాన్ చేయండి. స్కాన్‌కోడ్, ఫాసాలజీ, ఓఆర్‌టీ లాంటి ఉచిత టూల్స్ ఫైళ్ల లోపలికి వెళ్లి లైసెన్స్ పాఠాలను పట్టుకుంటాయి. మీ భాషకు ప్యాకేజీ జాబితా తీసే చిన్న టూల్స్ కూడా ఉంటాయి, కానీ అవి మెటాడేటా (ప్యాకేజీ గడుల్లో నింపిన వివరాలు) మాత్రమే చదువుతాయి, మైమ్‌మ్యాజిక్ లాంటిదాన్ని అవి పట్టుకోలేవు. వచ్చిన జాబితాలో డెవలప్‌మెంట్‌కు మాత్రమే వాడే లింటర్లు (కోడ్‌లో తప్పులు చూపే టూల్స్), టెస్ట్ టూల్స్ పక్కన పెట్టేయండి, అవి బయటికి వెళ్లవు. మిగిలినవి మూడు గుంపులు: కళ్లు మూసుకుని తీసుకోదగ్గవి, ఒకసారి అడిగి తీసుకోవాల్సినవి, వద్దనేవి. ఏ లైసెన్స్ ఏ గుంపులోకి వెళ్తుందో మీ ప్రొడక్ట్ బట్టి ఉంటుంది, సర్వర్ మీదే ఉండే పనికి జీపీఎల్ మొదటి గుంపులో ఉండొచ్చు, పెట్టెలో పెట్టి అమ్మేదానికి మూడో గుంపులో ఉండొచ్చు. ఆ జాబితాను సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ దానంతట అదే బిల్డ్, పరీక్షలు నడిపే ఏర్పాటు) పెట్టి, కొత్త మాడ్యూల్ వచ్చి వేరే గుంపులో పడితే బిల్డ్ ఆగిపోయేలా చేయండి. రిలీజ్ ముందు రోజు రాత్రి టెన్షన్ పడే కంటే ఇది మేలు.

తర్వాత థర్డ్ పార్టీ నోటీసుల ఫైలు. ప్రతి మాడ్యూల్ పేరు, వెర్షన్, కాపీరైట్ వరస, లైసెన్స్ పూర్తి పాఠం. లింకు మాత్రం పెడితే చాలదు, రేపు ఆ లింకు పనిచేయకపోవచ్చు. యాప్ అయితే సెట్టింగ్స్‌లో ఒక పేజీ.

జీపీఎల్, ఎల్‌జీపీఎల్ సరుకు పంచుతుంటే సోర్స్ ఇచ్చే ఏర్పాటు కావాలి. వెర్షన్ 2 ప్రకారం సోర్స్‌ను పక్కనే ఇవ్వొచ్చు, లేదా కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వొచ్చు. నా మాట వింటే పక్కనే ఇచ్చేయండి, 3 ఏళ్ల తర్వాత ఎవరో ఉత్తరం రాస్తే ఆ వెర్షన్ సోర్స్ వెతకడం నరకం. సోర్స్ అంటే కోడ్ ఒక్కటే కాదు, బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు కూడా. మీరు పంచిన బైనరీ (కంపైల్ అయిన ఫైలు) సరిగ్గా ఏ సోర్స్ నుంచి వచ్చిందో అదే ఇవ్వాలి, అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు) రిపో లింకు ఇచ్చి మీ ప్యాచులు (మీరు చేసిన మార్పులు) దాచుకుంటే కుదరదు. వెర్షన్ 3 అయితే, ఇంట్లో వాడే వస్తువులో పెట్టినప్పుడు మార్చిన సాఫ్ట్‌వేర్‌ను ఆ వస్తువులో తిరిగి ఎక్కించుకోవడానికి కావాల్సిన వివరాలూ ఇవ్వాలి.

అప్‌గ్రేడ్ చేసే ప్రతిసారీ లైసెన్స్ మళ్లీ చూడండి. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, రెడిస్ 2024లో లైసెన్స్ మార్చాయి, తర్వాత రెండూ ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చాయి. రియాక్ట్ 2017లో వివాదం తర్వాత పేటెంట్ నిబంధన వదిలేసి ఎంఐటీకి వచ్చింది. పాత వెర్షన్ మీకు ఏ లైసెన్స్‌తో వచ్చిందో ఆ లైసెన్స్ ఆ వెర్షన్‌కు అలాగే ఉంటుంది, వెనక్కి తీసుకోలేరు. కానీ సెక్యూరిటీ ప్యాచ్ కొత్త వెర్షన్‌లోనే వస్తుంది, ఇరుక్కునేది అక్కడ.

ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే

ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను కోర్టులు పట్టించుకోవు అనే భ్రమ వద్దు. 2004లో మ్యూనిక్ కోర్టు లినక్స్ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ అయిన నెట్‌ఫిల్టర్ కేసులో జీపీఎల్‌ను నిలబెట్టింది. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు బొమ్మ రైళ్ల సాఫ్ట్‌వేర్ కేసులో ఈ షరతులు తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కిందికి వస్తుందని చెప్పింది. 2024లో పారిస్ అప్పీలు కోర్టు జీపీఎల్ కింద ఉన్న లాసో లైబ్రరీ విషయంలో ఆరెంజ్ టెలికాం కంపెనీ లక్షల యూరోలు కట్టాలని తీర్పు ఇచ్చింది.

అయితే చాలా మంది డెవలపర్లకు కావాల్సింది డబ్బు కాదు, పాటించడం. తప్పు మీరే కనిపెడితే ముందు ఆ వెర్షన్ పంచడం ఆపండి. తర్వాత మూడు దారులున్నాయి: షరతు పాటించడం, మాడ్యూల్ మార్చేయడం, రాసినవాళ్లతో మాట్లాడి వేరే లైసెన్స్ కొనుక్కోవడం. కొనుక్కునే దారిలో ఒక చిక్కుంది, కోడ్ రాసినవాళ్లు యాభై మంది అయితే యాభై మందీ ఒప్పుకోవాలి, హక్కులన్నీ ఒకే చోట ఉన్న ప్రాజెక్టుల్లోనే ఇది సులభం. మాడ్యూల్ తీసేసినంత మాత్రాన ఇప్పటికే పంచిన కాపీల మీద బాధ్యత పోదు, వాటికి సోర్స్ ఇవ్వడమో, పరిహారం మాట్లాడుకోవడమో చేయాల్సిందే.

జీపీఎల్ వెర్షన్ 2లో తప్పు చేసిన వెంటనే హక్కు పోతుంది, తిరిగి రావాలంటే కాపీరైట్ యజమాని క్షమించాలి. వెర్షన్ 3 కాస్త దయగలది: ఆ యజమాని నుంచి మీకు ఇదే మొదటి నోటీసు అయితే, అది అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. నోటీసు ఏదీ రాకముందే మీరే ఆపేసి సరిదిద్దుకుంటే, ఆ తర్వాత 60 రోజుల్లో ఎవరూ అడగకపోతే కూడా అంతే. 2017లో చాలామంది లినక్స్ కెర్నల్ డెవలపర్లు తమ వెర్షన్ 2 కోడ్‌కు కూడా ఈ గడువులు వర్తింపజేస్తామని ప్రకటించారు. కాబట్టి నోటీసు ఈమెయిల్ వస్తే దాన్ని సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో మగ్గనివ్వకండి, ఆ 30 రోజుల లెక్క మొదలయ్యేది అది మీకు అందిన రోజు నుంచే. అలాంటి మెయిళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో, సోర్స్ అడిగితే ఎవరు పంపాలో ముందే ఒక పేరు రాసి పెట్టుకోండి.